దూరం వెళ్లినా చిన్నదవని విమానం

పలాస కాశీబుగ్గలో నాకు ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. "రాత్తిరేళ దానంతట అదే మోగుతన్నాది బాబూ, అవతల ఎవులో ఏడుత్తన్నారు" అంటూ ఫోన్ పట్టుకొచ్చేవాళ్లు అప్పుడప్పుడూ వస్తుంటారు. వాళ్ల ముందే ఫోన్ విప్పి, ఉప్పుగాలికి బోర్డు మీద పట్టిన పచ్చటి చిలుము చూపిస్తాను. దెయ్యం ఇదేనమ్మా, బ్రష్షుతో గీకితే పోతుంది అంటాను.

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట. ఇది రాస్తున్నందుకు నా మీద నాకే చిరాగ్గా ఉంది. కానీ ఆ రోజు బారువ ఒడ్డున ఉన్నవాళ్లు తలోరకంగా చెప్పుకుంటున్నారు. ఒకడైతే నా విమానంలోంచి దీపం దిగిందంటాడు. దీపమూ లేదు, నా తలకాయా లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానాలంటే నాకు ప్రాణం. అందులోనూ లిబరేటర్. నాలుగు ఇంజన్లు, ఉబ్బిన పొట్ట, వెనక రెండు తోకలు. చూడ్డానికి పెద్ద అందగత్తె కాదు. దాని సాటి విమానం ఫోర్ట్రెస్‌ని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. దాని భక్తులతో ఆన్‌లైన్ గ్రూపుల్లో తిండి మానేసి తగువులాడాను. అందం కొరుక్కు తింటామా? లిబరేటర్ రెక్క సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ రెక్క వల్లే దానికి వేగం, అంతకు మించి దూరం. బరువెక్కితే మాత్రం మొండి ఎద్దు. స్టీరింగ్ తిప్పితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరుగుతుందని, దిగేసరికి పైలట్ల భుజాలు పడిపోయేవని చెప్తారు. అంత దూరం పోగలదు కాబట్టే గంటల తరబడి సముద్రం మీద గస్తీకి తిప్పేవారు. మన బంగాళాఖాతం మీదా తిరిగాయి. నీళ్లలో పడిపోయిన మనుషుల్ని వెతకడానికి కూడా పంపేవారు.

అలాంటిదే ఒకటి థర్మాకోల్‌తో, సన్నటి చెక్కతో నేను తయారుచేశాను. రెక్క పొడవు నా రెండు చేతులు బార చాపినా ఇంకా మిగులుతుంది. నాలుగు బ్యాటరీ మోటార్లు, రిమోట్, ముక్కు దగ్గర చిన్న కెమెరా. ఉద్దానంలో ఎటు చూసినా కొబ్బరి, జీడి తోటలే. ఎగరేయడానికి ఖాళీ ఎక్కడుంది? బారువలో ఉన్న మా అక్క ఇంట్లోనే దాన్ని ఉంచి, తడి ఇసుక మీద ఎగరేసేవాణ్ణి.

మా బావ ఢిల్లేసు సముద్రం మీద వేటకెళ్లే మనిషి. ఎగరేసిన ప్రతిసారీ పక్కనే నిలబడి ఎగతాళి. "ఏరా బావా, నీ ఇమానం గుడ్లు ఎప్పుడు పెడతాది?" అనేవాడు. అలా అంటూనే లిబరేటర్ కథలన్నీ నా చేత మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఎంత బాగా చేసినా బొమ్మ విమానం బొమ్మలాగే ఎగురుతుంది. విమానాన్ని చిన్నది చేయగలం గానీ గాలిని చిన్నది చేయలేం కదా. అసలు విమానం బరువుగా, తాపీగా ఒరిగే చోట బొమ్మ చటుక్కున ఒరుగుతుంది, ప్రతి గాలికీ వణుకుతుంది. ఎగరేసేవాళ్లకు అది చూడగానే తెలిసిపోతుంది.

ఇక ఆ రోజు సంగతి. వాయుగుండం వెళ్లిపోయి సముద్రం కాస్త సర్దుకుందని బోట్లన్నీ వేకువనే వేటకు వెళ్లాయి. పొద్దెక్కేసరికి మళ్లీ గాలి లేచింది. బోట్లు ఒక్కొక్కటే వచ్చేశాయి. బావ, ఆయన జోడీ కూర్మయ్య వెళ్లిన బోటు రాలేదు. అక్క ఫోన్ చేసి ఏడుపు తప్ప ఏమీ చెప్పలేకపోయింది. షాపు షట్టర్ దించి హరిపురం మీదుగా బండి మీద వెళ్లిపోయాను.

నేను వెళ్లేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. పైవాళ్లకు కబురు వెళ్లింది, పెద్ద పడవ రావాలి. ఊళ్లో ఉన్నవాటిలో గట్టి బోట్లు రెండు వెతకడానికి వెళ్లాయి. ఏటా ఆ రోజుల్లో నీరు దక్షిణానికి లాగుతుంది కాబట్టి అవి దక్షిణం వైపే పోయాయి. సోంపేట నుంచి పెళ్లి ఫొటోలు తీసే అతను డ్రోన్ తెచ్చాడు. అలలు విరిగే చోటు దాటిందో లేదో, గాలికి తట్టుకోలేక కుయ్‌కుయ్‌మంటూ వెనక్కి వచ్చేసింది. మధ్యాహ్నం కావస్తోంది. బోల్తా పడిన బోటును పట్టుకుని మనిషి ఎంతసేపు ఉండగలడో అక్కడ అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు.

అప్పుడు అక్క ఇంటి వైపు నుంచి వస్తూ కనబడింది. చంకలో నా విమానం.

"తమ్ముడూ, ఇదిగో. దీన్ని పంపు" అంది.

"అక్కా, అది బొమ్మే..."

"నువ్వే గదరా సెప్పేవు? సముద్రంలో పడిపోయినోల్లని ఎతకడానికి ఈటిని తిప్పేవోరని. మీ బావకి గంటలు గంటలు సెప్పేవు. మరిప్పుడు పంపడానికేటి?"

అక్క దృష్టిలో దానికీ అసలు విమానానికీ తేడా లేదు. బొమ్మేనని ఇంకోసారి అనడానికి నాకు ధైర్యం చాలలేదు. దాని కెమెరా, దాని రిమోట్ ఎంత దూరం పనిచేస్తాయో నాకు తెలుసు. బ్యాటరీ అన్నం ఉడికేంతసేపు కూడా రాదు. అయినా రెక్కలు బిగించాను. నిజం చెప్పాలంటే బావ దొరుకుతాడని కాదు, అక్క ముఖం చూడలేక.

ఎదురుగాలి కావడంతో తడి ఇసుక మీద కొంచెం పరుగెత్తగానే లేచిపోయింది. కెమెరా దృశ్యం కనిపించే ఫోన్ అక్క చేతిలో పెట్టాను. అలల మీదికి వెళ్లేదాకా అన్నీ మామూలే. గాలికి అటూ ఇటూ ఊగింది, వణికింది, నేను తిట్టుకుంటూ సర్దుతున్నాను.

అలలు విరిగే చోటు దాటాక ఆ వణుకు ఆగిపోయింది.

గాలి తగ్గలేదు. ఒడ్డున మా లుంగీలు పటపటా కొట్టుకుంటూనే ఉన్నాయి. అక్కడ ఆ విమానం మాత్రం పట్టాల మీద రైలులా కదలకుండా పోతోంది. ఎడమకి తిప్పాను. తిరగలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. అప్పుడు రెక్క మెల్లగా, చాలా మెల్లగా ఒరగడం మొదలుపెట్టింది. నిండు బస్తాల ఎడ్లబండి మలుపు తిరిగినట్టు తిరిగింది. పాత యుద్ధకాలం వీడియోల్లో ఆ తిరగడాన్ని కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. నా బొమ్మకు అలా తిరగడం చేతకాదు. ఏ బొమ్మకూ చేతకాదు.

కుడి రెక్క చివరి మోటారు ఆగిపోయింది. ఫ్యాను తిరగకపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. అలా ఒక పక్క మోటారు ఆగితే విమానం ఆ పక్కకి లాగేస్తుంది, వెంటనే సర్దాలి. నేను సర్దేలోపే అది సర్దుకుంది. నేనేమీ చేయలేదు.

అక్క ఫోన్ చూడడం మానేసి ఆకాశం వైపు చూస్తోంది. "ఒరే, అది దూరం ఎల్తన్నాది గదా. సిన్నది అవట్లేదేటిరా?" అంది.

"నోరు ముయ్యక్కా, పని చేసుకోనీ" అని కసిరాను.

కసిరాక చూశాను. ఓలమ్మో, అక్క చెప్పింది నిజమే. చాలా దూరం పోయింది. ఈపాటికి చుక్కలా మిగలాలి. రెండు తోకలూ ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయి.

రిమోట్ కీచుమంది. సిగ్నల్ తెగింది. అక్క చేతిలోని ఫోన్‌లో దృశ్యం పోయింది. సిగ్నల్ తెగితే నాలుగు మోటార్లూ ఆగిపోవాలి. ఎవరి ఇంటి మీదో పడకూడదని నేనే అలా పెట్టాను. ఇక పడిపోతుంది అనుకున్నాను. పడలేదు. నిదానంగా ఈశాన్యం వైపు తిరిగింది. ఎవరూ వెతకని వైపు అది.

"ఏటి, అటు తిప్పుతన్నావు? నీరు ఇటు లాగుతుంటే?" అని వెనక ఎవరో అరిచారు.

రిమోట్ ఇసుకలో పెట్టేసి రెండు చేతులూ పైకెత్తి చూపించాను. అక్క నా జబ్బ పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు తర్వాత కూడా చాలాసేపు పోలేదు.

దూరంగా, సముద్రం మీద బాగా కిందికి దిగి, ఒకే చోట గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉండాలి. అన్నం ఉడకడం కాదు, గంజి వార్చి, కూర వండుకుని, పిల్లలకు పెట్టేంత సమయం అది అక్కడ తిరిగింది. చూసి చూసి నా కళ్లు మండిపోయాయి. చివరికి వలయం విడిచి తిన్నగా తూర్పుకు, లోపలి సముద్రంలోకి పోయింది. అప్పుడు మాత్రం ఏ విమానమైనా అయినట్టే చిన్నదై, చిన్నదై కనబడకుండా పోయింది.

అక్క ఇసుకలో కూలబడింది. బావ పోయినట్టే అనుకున్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.

పొద్దు వాలుతుండగా వెతకడానికి వెళ్లిన బోటు ఒకటి వచ్చింది. అందులో బావ, కూర్మయ్య ఇద్దరూ ఉన్నారు, ప్రాణాలతో. ఒడ్డున లేచిన కేకలు ఊరి చివరికి కూడా వినిపించి ఉంటాయి.

ఆ బోటువాళ్లను నేనే పట్టుకుని అడిగాను. వాళ్లు దక్షిణాన వెతుకుతుంటే ఉత్తరం వైపు గద్ద తిరుగుతూ కనిపించిందట. పక్షి ఒకే చోట తిరుగుతోందంటే కింద ఏదో తేలుతున్నట్టేనని మన వేటగాళ్లందరికీ లెక్క. అందుకే బోటు అటు తిప్పారు. "దగ్గిర్లోనే ఉందనుకున్నాం. ఎంత పోయినా ఆ గద్ద దగ్గిర పడదేటి! డీజిల్ అయిపోతాదని బయమేసింది" అన్నారు. చివరికి పక్షి లేదు, బోల్తా పడిన బోటు, దాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు కనిపించారు. నేను విమానం సంగతి చెప్తే నవ్వారు. గద్దేనని ఇప్పటికీ ఒట్టేస్తారు.

బావకు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతోంది. పెదాలు ఉప్పుకు పగిలిపోయాయి. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"అంత పెద్దది ఎక్కడ్నుంచి తెచ్చేవురా బావా?" అన్నాడు.

మా ఇంటి పైకప్పు కంటే పెద్దదట. అది పైనుంచి పోతుంటే గుండెలు అదిరేవట, నీళ్లు చదునయ్యేవట. నా బ్యాటరీ మోటార్లు తేనెటీగల్లా జుయ్యిమంటాయి, అంతే. ఒక ఇంజన్ ఆగిపోయి ఉందన్నాడు. "పంకా రెక్కలు కత్తుల్లాగ గాలికి నిలబడిపోయేయిరా" అని చేత్తో చూపించాడు.

అసలు బాంబర్లలో ఇంజన్ చెడితే పంకా రెక్కల్ని అలా అంచు గాలికి ఎదురుగా ఉండేలా మెలితిప్పేస్తారు, గాలి అడ్డుకోకుండా. నా బొమ్మ పంకాలు ప్లాస్టిక్‌వి. వాటి రెక్కలు మెలితిరగవు. నేను బావకు చెప్పిన కథల్లో ఈ సంగతి ఎప్పుడూ లేదు. అది నాకు బాగా గుర్తు.

దాహానికి, ఎండకు భ్రమ అనుకుందాం. కూర్మయ్యను వేరే గదిలో అడిగాను. ఆయనా అదే చెప్పాడు. ఇంకో మాట కూడా ఇద్దరూ చెప్పారు. విమానం పక్కభాగంలో పెద్ద తలుపులాంటి ఖాళీలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కిందికి వంగి, వాళ్లు మునిగిపోలేదు కదా అన్నట్టు ప్రతి చుట్టుకూ చూసుకున్నాడు.

అసలు లిబరేటర్‌కి అక్కడ తుపాకీ పెట్టే కిటికీ ఉంటుంది, నా బొమ్మకు ఖాళీ లేదు. నల్ల రంగుతో కిటికీ గీశాను, అంతే.

వైజాగ్ వైపు నుంచి గస్తీ విమానం ఏదైనా వచ్చిందేమోనని తెలిసినవాళ్లందరినీ అడిగాను. రాలేదన్నారు. సిగ్నల్ తెగితే మోటార్లు ఆగే ఏర్పాటు పాడైందేమోనని అదే రిమోట్‌తో ఇంకో విమానం మీద చూశాను. ఠక్కున ఆగుతోంది. యుద్ధకాలంలో ఇక్కడ లిబరేటర్ ఏదైనా పడిందా అని దొరికిందల్లా చదివాను. ఈ తీరంలో అలాంటిది నాకైతే కనబడలేదు. నా బొమ్మ ముక్క ఒక్కటి కూడా ఏ ఊరి ఒడ్డుకూ కొట్టుకురాలేదు.

ఏది ఏమైనా మనిషి దొరికాడు, అది చాలదా అని అక్క అంటుంది. నాకూ చాలనే అనిపిస్తుంది. బావకే చాలడం లేదు. వేటకు వెళ్లి వచ్చాక కాళ్లు కడుక్కుని, నేను ఉంటే నా పక్కన కూర్చుని మళ్లీ అదే అడుగుతాడు.

"మమ్మల్ని గట్టుకి పంపేసి ఆ ఇమానంలోనోడు సముద్రం లోనకి పోయేడురా. గట్టు అటు లేదని ఆడికి ఎవులు సెప్తారు?"