కారేపల్లి నుంచి నొక్కిన బటన్

మంగళవారం పొద్దున మా ఆపరేటర్ పోయాడని ఫోన్ వచ్చింది. గురువారం ఆఫీసులో ఆయన ఫొటోకు దండ వేసి మా ఇన్‌ఛార్జి అందరి ముందూ అన్నాడు: "పాపం, ఆర్నెల్ల సంది పనేం చెయ్యలే. అంతా నేనే చూసుకున్న. జాలిపడి ఉంచినం." ఎదురుగా ఆపరేటర్ భార్య కూర్చుని వింటోంది. అది పచ్చి అబద్ధం. నాకు అక్షరం రాదు కాబట్టి చెప్పి రాయిస్తున్నాను. దీన్ని సాక్ష్యమనుకునే చదవండి.

చండ్రుగొండ దగ్గర జామాయిల్ కర్ర లారీలు తూచే ఆఫీసు మాది. ఊడ్చేదాన్ని నేను. కంప్యూటర్ నడిపేవాడు ఆ పోయినాయన. షుగరుకు కాలు తీసేశాక కారేపల్లిలో ఇంటి మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, అక్కణ్ణుంచే మా ఆఫీసు కంప్యూటర్‌ను నడిపాడు. ఖాళీ కుర్చీ ముందు తెర మీద బాణం తిరుగుతుంటే మొదట్లో నాకు భయమేసేది.

తెర మీద లారీ తూకం ఒక డబ్బాలో, డ్రైవర్ చీటీ ఇంకో డబ్బాలో ఉంటాయి. రెండు బటన్లు కలిపి నొక్కితే ఆ డబ్బాలు పక్కపక్కన నిలబడాలి. ఆయన ఇంటి నుంచి నొక్కితే నిలబడలేదు. లారీలు ఆగిపోయాయి. "పండుకున్నడు, ఇంకేం చేస్తడు" అన్నాడు ఇన్‌ఛార్జి.

ఆపరేటర్ నాకు ఫోన్ చేశాడు.

"అవ్వా, ఇప్పుడు నొక్కిన. తెర కదిలిందా?"

"కదల్లే బిడ్డా."

"కిటికీ బొమ్మ బటన్, కుడి బాణం. రెండూ నువ్వు కలిపి నొక్కు."

నొక్కాను. డబ్బాలు చప్పున జరిగాయి.

"జరిగినయ్!"

"అయితే ఆడ అంతా బాగనే ఉన్నది. నేను నొక్కితే నా ఇంటి తెరనే ఎగురుతుంది. ఆ కిటికీ బటన్‌ను నా ల్యాప్‌టాపే మింగుతుందవ్వా, మీ దాకా పంపుతలేదు."

"మింగితే రెండు పీకు దాన్ని!"

నవ్వాడు. కాలు పోయాక ఆయన నవ్వు వినడం అదే మొదలు.

మూడు రోజులు తిప్పలు పడ్డాడు. "ఒక్కటే మార్చాలె, చూడాలె. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెల్వదు" అనేవాడు. చివరికి మా ఆఫీసు కంప్యూటర్‌లోనే కిటికీ బటన్ పని తీసేసి, కింద పొడుగు బటన్‌కు ఎడమ పక్కదానికి ఆ పని అప్పజెప్పాడు. డబ్బాలు కదిలాయి. ఇద్దరం ఫోన్లో అరిచాం. మొన్న సోమవారం ఆఖరి లారీ కూడా ఆయనే తూచాడు. తూచి, రోజూ అడిగినట్టే "టీ తాగినవా అవ్వా?" అని అడిగాడు.

అందుకే ఆ దండ ముందు నేను లేచాను.

"సారూ, పనంతా నువ్వే చేసినవు గదా. ఆ డబ్బాలను పక్కపక్కకు తే, చూస్తా."

ఇన్‌ఛార్జి ఆ పాత కిటికీ బటన్, బాణం నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తెర ఉలకలేదు.

"నీకేం తెలుసు, సదువురాని దానివి!"

"సదువు రాదు. కండ్లున్నయ్ నాకు!"

ఆపరేటర్ భార్య లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. "అవ్వా, మా ఆయన ఏది నొక్కేటోడు?"

ఆమె వేళ్ళు పట్టి పొడుగు బటన్ పక్కదాని మీదా, కుడి బాణం మీదా పెట్టాను. డబ్బాలు జరిగి పక్కపక్కన నిలబడ్డాయి. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆమె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. నొక్కినప్పుడల్లా డబ్బాలు ఒకదాని చోటులోకి ఒకటి జరుగుతూనే ఉన్నాయి.