ఆయిల్ ముల్లు లేవలేదు
మాది కోడేరు దగ్గర పల్లె. నిరుడు వానలకు ముందు మా ఆయన పాత ట్రాక్టర్ ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ విప్పితే, నేనే తుడిచిచ్చాను. తీరా విత్తనం వేసే రోజు మీటర్‌లో ఆయిల్ ప్రెషర్ చూపే ముల్లు సున్నాకు పడిపోయింది. ఆయన వెంటనే ఇంజన్ ఆపాడు. మీటర్ మార్చాడు, ఆయిల్ మార్చాడు. ముల్లు లేవలేదు. కళ్లముందే చేలో పదును ఆరిపోతుంటే గట్టు మీద ఊరికే నిలబడ్డాను.

మూడో రోజు మెకానిక్ వచ్చి చాంబర్ విప్పాడు. ఆయిల్ పీల్చే జాలీకి అడ్డంగా నా పాత చీర పీలిక!

"గిది ఎవరు మర్చిండ్రన్నా?" అన్నాడతను.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"నేనే తమ్మీ, తెల్వక మర్చిన" అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా.

ముల్లు లేచింది. పదును మాత్రం పోయింది, మళ్లీ వాన కోసం ఎదురుచూశాం. ఆ పీలిక గురించి ఆయన ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకుంటుంది.