కార్డు మీద అట్రాక్టా

కోల్మన్ గిల్వరీకి కెమెరా పిచ్చి అని కారగ్‌బేన్ ఊరందరికీ తెలుసు. పోస్ట్‌మాన్ ఉద్యోగం అయిపోయిన మర్నాటి నుంచి మెడలో కెమెరా, జేబులో చీజ్ శాండ్‌విచ్, పొద్దున్నే సముద్రపు ఒడ్డు. నీళ్లు వెనక్కి తగ్గగానే రాళ్ల మీదికెక్కి పడుకునే సీల్ జంతువులు, ఇసుకలో గుల్లలు ఏరుకు తినే ఎర్రముక్కు పిట్టలు, వాన ఎప్పుడు వెలుస్తుందా అని పబ్బు గుమ్మంలో నిలబడే ముసలాళ్లు, చేపల లారీ వెంటపడే సముద్రపు కాకులు, అన్నీ అతని ఫొటోల్లో ఉన్నాయి. పెళ్లి చేసుకోలేదు. పెళ్లి చేసుకోని అక్క అట్రాక్టాతో కలిసి హార్బరు వీధిలో ఉండేవాడు. అతను మాట్లాడడు, ఆమె మాట్లాడించదు. టీ, ఉడికించిన బంగాళాదుంపలు, రేడియోలో వాతావరణ వార్తలు. అలాగే ఇద్దరూ ముసలివాళ్లయ్యారు.

అక్టోబరులో అట్రాక్టా పోయింది.

నెల తిరిగాక ఆమె పేర చర్చిలో మాస్ అనే ప్రార్థన చెప్పించాలి. వచ్చినవాళ్లందరికీ పోయిన మనిషి ఫొటో ఉన్న చిన్న కార్డు పంచాలి. వాళ్లు దాన్ని ప్రార్థన పుస్తకంలో పెట్టుకుని ఏళ్ల తరబడి దాచుకుంటారు. ఆ ఊళ్లో ముఖం లేని కార్డు పంచితే మనిషిని రెండోసారి పాతిపెట్టినట్టే.

కోల్మన్ అటక మీది డబ్బాలన్నీ దించాడు. వాటిలో అక్క ఎక్కడా లేదు. ఒక ఫొటోలో ఆరేసిన దుప్పటి కింద ఆమె కాళ్లు కనిపించాయి, అంతే. బస్సు పాసు మీద ముఖం ఉంది గానీ, దొంగతనం చేసి దొరికిపోయినట్టుంది. అది పంచితే అట్రాక్టా సమాధిలోంచి లేచొచ్చి చంపుతుంది.

కార్డులు అచ్చు వేసే డింప్నా నెత్తి కొట్టుకుంది.

"ఈ ఒడ్డున ప్రతి సీలుకీ ఫొటో తీశావు గదయ్యా. ఇంట్లో మనిషికి ఒక్కటి లేదా?"

"తనకి ఇష్టం ఉండేది కాదు."

"అడిగావా ఎప్పుడైనా?"

కోల్మన్ టోపీ తీసి దులిపాడు. దాని మీద ఏమీ లేదు. అడగలేదు. వెలుతురు బాగుందనిపించినప్పుడల్లా తలుపు తీసుకుని బయటికి పోయాడే తప్ప, కెమెరా ఏనాడూ వంటింటి వైపు తిప్పలేదు.

"పోనీ బెర్నీని అడుగు. గురువారాలు బింగో ఆటలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు," అంది డింప్నా, ఈసారి మెత్తగా.

కోల్మన్ ఊళ్లో ప్రతి గుమ్మంలోనూ ఉత్తరాలు పడేసిన మనిషే, కానీ ఏ గడపా దాటి లోపలికి వెళ్లినవాడు కాడు. బెర్నీ చేపల దుకాణం ముందు అటూ ఇటూ తచ్చాడి, చివరికి లోపలికి వెళ్లాడు. విషయం విని బెర్నీ చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

"ఇదుగో, పోయిన క్రిస్మస్‌ది. నా వేలు అడ్డం పడింది. నువ్వేమీ వంకలు పెట్టకు."

నెత్తిన కాగితం కిరీటం పెట్టుకుని, పన్ను ఊడిన సందు కనిపించేలా, తల వెనక్కి వాల్చి అట్రాక్టా నవ్వుతోంది. కోల్మన్ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎందుకంత నవ్వు?"

"నీలాగే చేసి చూపించింది మరి. మెడలో హ్యాండ్‌బ్యాగు కెమెరాలా వేలాడేసుకుని, పిట్ట ఎగిరిపోతుందని ఊపిరి బిగబట్టి, పిల్లిలా బల్లల మధ్య నడిచింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ప్రతి గురువారం ఏదో ఒకటి చేసేది. ఇంట్లో చేసేది కాదూ?"

"చేసేది," అన్నాడు కోల్మన్. అబద్ధం.

ఫొటోలో అడ్డం పడిన వేలు కత్తిరించెయ్యనా అని డింప్నా అడిగితే, ఉండనీ అన్నాడు.

మాస్ రోజు చర్చి నిండిపోయింది. కార్డు అందుకున్న ప్రతివాళ్లూ "అచ్చం అట్రాక్టానే, ఎంత బాగా పడింది," అని అతని భుజం తట్టి వెళ్లారు. బెర్నీ ఏడుస్తూనే నవ్వింది. ముందు బెంచీలో కోల్మన్ ఒక్కడే కూర్చున్నాడు. చుట్టూ అందరూ తెలిసిన ముఖాన్ని చూసి కళ్లు ఒత్తుకుంటున్నారు. అతను మాత్రం కార్డును ముఖం దగ్గరికి తెచ్చుకుని, ఈవిడ ఎలా మాట్లాడేదో ఎవరినైనా అడగాలనుకున్నాడు.