ఆదివారం ముగ్గు

నిరుడు పెరట్లో కాలుజారి పడి మా ఆవిడ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఏలూరులో డాక్టరుగారు పరీక్ష చేయించి, ఎముకలు గుల్లబారాయనీ, ఈసారి పడితే తుంటే విరగొచ్చనీ చెప్పారు. ఎముక అరుగుదలను నెమ్మది చేసే బిళ్ళ రాశారు. వారానికొకటి. పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో మింగాలి. అరగంట దాకా కాఫీ తాగకూడదు, పడుకోకూడదు.

మేం ఆదివారం పెట్టుకున్నాం. కొన్నాళ్ళకే ఆ రోజు ఆమెకు గుండెల్లో మంట మొదలైంది.

"ఈ బిళ్ళ నాకు పడదండీ. ఇంక మింగను," అంది.

నా చెవిలో మాత్రం ఆ తుంటి మాటే మోగుతోంది. ముదినేపల్లిలో వాళ్ళ అక్కగారింటికి ఒక్కతే బస్సెక్కి వెళ్ళొచ్చే మనిషి మంచాన పడితే ఎలా? బతిమాలి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"బిళ్ళ వేసుకుని పడుకుంటున్నారామ్మా?"

"అయ్యో, లేదండీ. ఊరికే కూచోడమెందుకని ఆ అరగంటలో వాకిలూడ్చి ముగ్గేసేస్తానండీ."

ఆయన నవ్వారు. "వంగకూడదమ్మా. వంగితే మందు పైకి వచ్చి మంట పెడుతుంది. నిటారుగా కూర్చోండి. అప్పటికీ తగ్గకపోతే ఏడాదికోసారి ఎక్కించే ఇంజెక్షన్ ఉంది."

ముందు ముగ్గేసి తర్వాత బిళ్ళ వేసుకోమన్నాను.

"అప్పుడింక కాఫీ ఎప్పటికి తాగుతానండీ?"

ముగ్గు లేని వాకిలి ఆమె ఒప్పుకోదు. కాఫీ ఆలస్యం అసలే ఒప్పుకోదు. ఇరిగేషన్ ఆఫీసులో కొల్లేట్లో కలిసే డ్రెయిన్ల పటాలు గీసి రిటైరైనవాణ్ణి, చుక్కలు కలపడం నాకొక లెక్కా అనుకున్నాను.

ఆదివారం ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చుంది. చుక్కలు వరసగానే పెట్టాను. గీత దగ్గరికొచ్చేసరికి పిండి కుప్పలుగా పడింది.

"అది ముగ్గా, డ్రెయిను గట్టాండీ?"

ఎదురింటమ్మాయి పాలప్యాకెట్లతో ఆగింది. "పిన్నిగారూ, బాబాయిగారికి కొత్త ఉద్యోగమాండీ?"

"ఆదివారం డ్యూటీ అమ్మా. ఇంకా ట్రైనింగులోనే ఉన్నారు."

మంట తగ్గింది. బిళ్ళ మానేస్తానన్న మాట మళ్ళీ రాలేదు. మొన్న ముదినేపల్లి వెళ్ళి, డబ్బాలో కొర్రమీను పులుసుతో తిరిగొచ్చింది. నేను డైరీలో ముందే పెన్సిలుతో ముగ్గు వేసి చూసుకుంటున్నాను.

ఈ ఆదివారం తామరపువ్వు మొదలుపెట్టాను. అరగంట దాటిపోయినా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"కాఫీ తాగవా?" అన్నాను.

"ఆ మూల రేకు మిగిలిందిగా. కానివ్వండి, తాగుదాం."