బాబాయి గారు చెప్పని పిస్టల్ పేరు

రెండు వారాల కిందట, గురువారం పొద్దున, దోహాలోని మెసైమీర్‌లో మా సైట్ ఆఫీసులో కూర్చుని పునాదుల కొలతలు సరిచూసుకుంటున్నాను. మా విల్లా వెనక గదిలో ఉండే నిజామాబాద్ డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడం, కాక చనిపోయిండు. డ్యూటీలనే, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే" అన్నాడు. అతను కాక అనేది మా బాబాయి గారిని, అల్ ముంతజాలో ఒక ఆఫీసు భవనానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయిందట. నేను ఫోన్ పెట్టేసి మళ్ళీ కొలతల మీద పడ్డాను. ఒకే అంకె మూడు గళ్ళలో రాశానని మధ్యాహ్నం మా ఇంజనీరు చూపిస్తే గాని తెలియలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. పేపర్లో పడేంత పని ఆయన ఏదీ చేయలేదు. నేను ఒక ప్రశ్న అడిగితే ఆయన నవ్వలేదు. అప్పటికి నవ్వనిది ఆయనొక్కరే. ఆ కృతజ్ఞతతో రాస్తున్నాను గాని, రాస్తున్నంతసేపూ నా మీద నాకు కోపంగానే ఉంది. ముందే చెప్పేస్తున్నాను.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేముండేది ఒక పాత విల్లా. మధ్యలో గోడలు కట్టి ఆరు వాటాలు చేశారు. ముందు వాటా నాది. వెనక ఔట్‌హౌస్‌లో ఆయనా, ఆ డ్రైవరూ. నాది ఏలూరు, ఆయనది జగిత్యాల వైపు పల్లె. నేను బాబాయి గారూ అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవారు. ఇక్కడికి రాకముందు పోలీసు శాఖలో ఉండేవారు. పంతొమ్మిదేళ్ళు రాజకీయ నాయకుల వెనక గన్‌మన్‌గా నడిచారు. ఇంకా సర్వీసు ఉండగానే రాజీనామా ఇచ్చి, ఎనిమిదేళ్ళ కిందట దోహా వచ్చి, తుపాకీ సంగతి అటుంచి లాఠీ కూడా లేని ఉద్యోగంలో చేరారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. గల్ఫ్‌లో ఎవరినీ ఎందుకొచ్చారని అడగరు కదా.

నా ప్రశ్న ఇది. ఎప్పుడూ నా దగ్గర ఉంచుకోవడానికి ఏ పిస్టల్ మంచిది, ఏ క్యాలిబర్?

ఎందుకడిగానో కూడా చెప్పాలి. నా భర్త హైదరాబాదులో ఉంటాడు. మూడేళ్ళ కిందట నా పక్కటెముక విరిగాక అమ్మ దగ్గరికి వచ్చేశాను, ఆ తర్వాత ఈ ఉద్యోగం దొరికి ఇక్కడికి వచ్చాను. విడాకుల కేసు వాయిదాల మీద నడుస్తోంది. అతను నెలకో రెండు నెలలకో ఒక వాయిస్ మెసేజ్ పెడతాడు. అరవడు. తాపీగా, వాతావరణం గురించి చెప్పినట్టు, "ఫ్లైట్ దిగవే, నీ పని చూస్తాను" అంటాడు. పోలీసులకి ఇస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దుకుపొమ్మన్నారు. నా కాంట్రాక్ట్ ఈ నెలాఖరుతో అయిపోతుంది. దిగక తప్పదు.

లైసెన్స్‌కి అప్లికేషన్ ఫారం తెప్పించుకున్నాను. అందులో ఏ రకం ఆయుధం, ఏ బోర్, అంటే గొట్టం కొలత ఎంత అని రాయాల్సిన గడి ఒకటుంది. మా లాయరు నవ్వాడు. స్నేహితురాలు సినిమా డైలాగు చెప్పి నవ్వింది. అమ్మయితే నవ్వి, తర్వాత ఏడ్చింది. బాబాయి గారు మాత్రం ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, "ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా?" అని అడిగారు. పదిహేను నెలలుందని చెప్పాను. "అయితే మంచిగ చూద్దాం తీ" అన్నారు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళం. గోడ అవతల ఎవరుంటారో తెలియదని పిస్టల్ అనే మాట ఆయన పలకనిచ్చేవారు కాదు. సామాను అనాలి. కాయితం మీద రాస్తే ఆ కాయితం చించెయ్యాలి. డ్రైవర్ మమ్మల్ని చూసి మేమేదో వంటపాత్రల దుకాణం పెడుతున్నామనుకున్నాడట.

నేను క్వాంటిటీ సర్వేయర్ని. ఇనుము, సిమెంటు లెక్కగట్టడం నా వృత్తి. కాబట్టి పదకొండు మోడళ్ళకి ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. పొడవు, బరువు, మ్యాగజైన్‌లో ఎన్ని రౌండ్లు, అంటే తూటాలు, పట్టు మందం, ట్రిగ్గర్ ఎంత గట్టిది. వీడియోలు చూసి చూసి ఒక విదేశీ మోడల్ మీద మనసు పారేసుకున్నాను. అరచేతంత సైజు, నైన్ ఎంఎం, నా హ్యాండ్‌బ్యాగులో జిప్పు అరలో పట్టేస్తుంది. బాబాయి గారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, పెన్సిల్‌తో ఎనిమిది వరసలు కొట్టేశారు. మన దేశంలో మామూలు జనానికి నైన్ ఎంఎం ఇవ్వరట, అది పోలీసులకీ సైన్యానికీ. మనకి పాయింట్ త్రీ టూ దాకానే. నాకెంతో నచ్చినది మొదటి వరసలోనే పోయింది. మూడు మిగిలాయి. ఆ మూడింటి మధ్యే మేము పద్నాలుగు నెలలు తిరిగాం.

మీకేది ఇష్టమని అడిగితే ఆయన తడుముకోలేదు. డిపార్ట్‌మెంట్ వాళ్ళిచ్చిన నైన్ ఎంఎం. పదమూడు రౌండ్లు, నిండుగా ఉంటే కిలో బరువు. కుడి నడుం మీద అది ఉన్నప్పుడు ఎండ తెలియదు, ఆకలి తెలియదు అన్నారు. ఆ పంతొమ్మిదేళ్ళూ చొక్కాలన్నీ ఒక సైజు వదులుగా కుట్టించుకున్నారట. ఇక్కడ కూడా నడిచేటప్పుడు ఆయన కుడి మోచెయ్యి ఒంటికి ఆనేది కాదు, జానెడు ఎడంగా ఉండేది. కుర్చీలోంచి లేచినప్పుడల్లా ఆ చెయ్యి నడుం తడిమి, ఏమీ దొరక్క, లుంగీ సర్దుకునేది. అది చూసి నేను ఆయన్ని ఏడిపించేదాన్ని కూడా. సామాను ఇంట్లో మర్చిపోయి వచ్చారా బాబాయి గారూ అని. ఆయన ఆ ఒక్క మాటకి మాత్రం నవ్వేవారు కాదు.

ఒక శుక్రవారం నా చేతిలో గుడ్డసంచి ఒకటి పెట్టారు. సముద్రం ఒడ్డున గాలాలమ్మే కొట్లో సీసం ముక్కలు కొని, తూకం వేయించి, తనే సూదీ దారంతో కుట్టారు. లోడ్ చేసిన త్రీ టూ ఎంత బరువుంటుందో సరిగ్గా అంత. "మోడల్ తర్వాత. ముందు దీన్ని వారం దినాలు మొయ్యి. ఇడిచిపెట్టకుండ" అన్నారు. మోశాను. మూడో రోజు క్లయింట్ ఆఫీసు గేటు దగ్గర స్కానర్‌లో బ్యాగు ఆగిపోయింది. నేపాలీ గార్డు సంచి విప్పి, "మేడం, ఏ క్యా హై?" అని ఒక్కో సీసం ముక్కా టేబుల్ మీద పేర్చాడు. చేపలు పడతానని చెప్పాను. ఆ వారమంతా ఆఫీసులో అందరూ నన్ను చేపలు అడిగారు.

వారం గడిచాక ఆయన భుజం నొప్పి పుట్టిందా అని అడుగుతారనుకున్నాను. అది అడగలేదు. ఇంటికొచ్చాక బ్యాగు ఎక్కడ పెట్టావని అడిగారు. డైనింగ్ కుర్చీకి తగిలించానన్నాను. స్నానానికి పోయినప్పుడు? అక్కడే. కునుకు తీసినప్పుడు? అక్కడే. "అప్పుడు అది ఎవరి దగ్గర ఉన్నట్టు?" అన్నారు.

బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాను. తాళంచెవి ఎక్కడ పెడతావన్నారు. చాంబర్‌లో రౌండ్ పెట్టుకుని తిరగాలా, ఖాళీగా ఉంచాలా అని నేనడిగితే, ఖాళీగా ఉంటే అవసరానికి అందదు, నిండుగా ఉంటే కంటికి నిద్ర రాదు అన్నారు. ఎంత త్వరగా తీయగలమో వీడియోల్లో చూపిస్తున్నారంటే, "తీసుడు అందరికొస్తది. తీసి ఎక్కడ పెడ్తవో అది జెప్పు" అన్నారు. నేను చెప్పిన ప్రతి జవాబుకీ ఇంకో ప్రశ్న ఉండేది. నా అరచెయ్యి కొలిచారు. చూపుడువేలు పొడవు కొలిచారు. ఒకసారి అమ్మ ఫ్లాట్ పటం గీయించి, తలుపు ఎటు తెరుచుకుంటుందో గుర్తు పెట్టించారు. అప్పుడే అడిగారు.

"అతనొచ్చి తలుపు కొడ్తడు. మీ అమ్మ తీస్తదా, తియ్యదా?"

తీయదన్నాను. ఆయన పటం మీదనుంచి తల ఎత్తలేదు. "అల్లుడు గదా బిడ్డా" అన్నారు.

చనిపోవడానికి ముందు శుక్రవారం నాకు ఓపిక అయిపోయింది. టికెట్ కొనే రోజులొచ్చాయి, ఫారంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఈ ఒక్క పేరు చెప్పడానికి ఇన్ని నెలలా అని గొంతు పెంచాను. మీరూ అందరిలాంటి వారే, నవ్వకుండా నన్ను ఆడించారు, అంతే తేడా అన్నాను. పంతొమ్మిదేళ్ళు మోసినాయనకి ఏది మంచిదో తెలియకపోవడం ఏమిటి అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "జరంత ఆగు బిడ్డా" అన్నారు. నేను ఆగలేదు, నా వాటాలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మర్నాడు మా గుమ్మంలో ఉల్లిపాయ పకోడీలు కాగితంలో కట్టి పెట్టి ఉన్నాయి. బాగున్నాయని చెప్పే వంకతోనైనా వెళ్ళి పలకరించలేదు. ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు.

బాడీని ఇంటికి పంపడానికి కాగితాలు కావాలి. డ్రైవర్‌కి ఇంగ్లీషు రాదు, కంపెనీ వాళ్ళకి తెలుగు రాదు. ఆ పని నేను తీసుకున్నాను. ఊళ్ళో ఉన్న ఆయన భార్య, పిన్నిగారి నుంచి ఒక అంగీకార పత్రం తెప్పించాల్సి వచ్చి ఫోన్ చేశాను. దుబాయ్ నుంచేనా అన్నారు ఆవిడ. ఎనిమిదేళ్ళయినా ఆవిడకి ఇది దుబాయే. నా పేరు చెబితే, "నువ్వేనా సామాను అడిగే బిడ్డవి" అన్నారు. ఆయన ప్రతి శుక్రవారం నాతో మాట్లాడిన వెంటనే ఆవిడకి ఫోన్ చేసి అంతా చెప్పేవారట. అప్పుడు చెప్పారు ఆవిడ, ఏడవకుండానే.

వాళ్ళకి ఒక్కతే కూతురు. డ్యూటీలో ఇచ్చింది కాక ఆయన సొంతానికి త్రీ టూ ఒకటి లైసెన్స్ మీద తీసుకున్నారు. దాన్ని చూసుకుని మురిసిపోయేవారట. పెళ్ళయిన నెలకి కొత్త అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే, ముచ్చటపడి బీరువాలోంచి తీసి చేతికిచ్చారు. మోడల్ పేరు చెప్పారు. మ్యాగజైన్ ఎలా తీస్తారో, ఎలా పెడతారో చూపించారు. రెండేళ్ళకి కూతురు దెబ్బలతో పుట్టింటికి వచ్చేసింది. మూడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం అల్లుడు వచ్చి తప్పయిందన్నాడు. తలుపు తీసింది ఈయనే. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అల్లుడొచ్చాడు కదా అని కోడి తేవడానికి బయటికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు.

"గదే సామానుతోటి" అన్నారు పిన్నిగారు. "వద్దని ఆ పిల్లకి సాఫ్ చెప్పరాదయ్యా అని నేనెన్నిసార్లు మొత్తుకున్ననో. వద్దంటే ఇంకొకల్ల దగ్గరికి పోయి అడుగుతది, నన్ను అడుగుతున్నన్ని దినాలు కొనదు గదా అనెటోడు."

నేను ఏమన్నానో గుర్తు లేదు. కాగితం ఎవరితో పంపాలో చెప్పినట్టున్నాను.

తన కూతుర్ని చంపిన వస్తువు గురించి, దాని బరువు, దాని పట్టు, దాని క్యాలిబర్ గురించి ఒక మనిషి పద్నాలుగు నెలలు నాతో కూర్చుని మాట్లాడాడు. సీసం తూచి సంచి కుట్టాడు. అది కుడుతున్నప్పుడు ఆ చేతులు ఎలా ఉన్నాయో నేను చూడలేదు. నడుం తడుముకుంటే ఏడిపించాను. చివరికి అరిచాను. క్షమాపణ చెప్పుకునే చోటు కూడా మిగల్లేదు. ఆయన నన్ను కాపాడారని రాయాలని ఉంది, రాయలేను. ఆయన నన్ను కొనకుండా ఆపారు, అంతవరకే. నా భర్త ఇంకా హైదరాబాదులోనే ఉన్నాడు, నేను ఇంకో మూడు వారాల్లో దిగుతాను. ఇప్పుడు నా దగ్గర పిస్టల్ లేదు, అడగడానికి బాబాయి గారు లేరు. చేతిలో ఏది పట్టుకుని దిగాలో నాకు తెలియడం లేదు.

సోమవారం ఆయన్ని పంపించాం. ఎయిర్‌పోర్ట్ కార్గో దగ్గర డ్రైవరూ నేనూ తప్ప ఎవరూ లేరు. అక్కడినుంచి వస్తూ ట్యాక్సీలోంచే అమ్మకి ఫోన్ చేశాను. అతను వస్తే తలుపు తీయకమ్మా, ఏమన్నా సరే తీయకు అన్నాను.

 అమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆదివారం వచ్చాడట. నేనెప్పుడు వస్తున్నానో అడిగి తెలుసుకున్నాడట. "భోజనం వేళకి వచ్చిన అల్లుణ్ణి గుమ్మంలోంచే పంపించెయ్యమంటావా?" అంది. ఎంతో మర్యాదగా ఉన్నాడట, వంకాయ కూర అడిగి మళ్ళీ వేయించుకున్నాడట. వెళ్తూ వెళ్తూ తలుపు గడియ వదులైందని చూసి, ఇద్దరూ ఆడవాళ్ళే ఉండే ఇల్లు ఇలా ఉంచుకుంటారా అని కోప్పడి, స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని బిగించాడట. మా మెట్ల వైపు పట్టపగలు కూడా చీకటిగానే ఉంటుంది. మరలు కనబడటానికి, అమ్మ పక్కనే నిలబడి టార్చి పట్టుకుందట.