బాపు చెప్పిన సీరియల్

మా అవ్వకు, అంటే మా అమ్మకు, కళ్లు కనబడవన్న సంగతి టీవీల షాపు అతనికి చాలాసేపు తెలియలేదు. ఆమె నడకే అలాంటిది. నా మోచేతి మీద రెండు వేళ్లు ఆనించి, తల పైకెత్తి, తనే నన్ను నడిపించుకొస్తున్నట్టు వస్తుంది. అతను ఎంతో మర్యాదగా ఒక పెద్ద టీవీ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. దాని కింద పొడుగాటి నల్లటి స్పీకరు ఉంది, పక్కన స్టూలంత వూఫరు. ఏదో ఇంగ్లిషు సినిమాలో బాంబులు పేలే సీను పెట్టాడు. కింద నేల అదిరింది. అవ్వ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"సూసిండ్రా మేడమ్, బేస్ ఎట్లున్నదో! ఇంట్ల కూసున్నా టాకీస్‌ల కూసున్నట్టే ఉంటది" అన్నాడు.

"గీ బాంబులు నాకెందుకు కొడుకా?" అంది అవ్వ. "ఇద్దరు మనుషులు మెల్లగ మాట్లాడుకునేది ఏమన్న ఉంటె పెట్టు."

అతను తెల్లమొహం వేశాడు. కరీంనగర్‌లో ఆ షాపు మెట్లెక్కిన ప్రతివాళ్లూ ఎంత గట్టిగా మోగుతుందని అడుగుతారు కాబోలు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అప్పుడు చెప్పాను, ఆమెకు చూపు లేదని, ఈ ఖర్చంతా టీవీ వినడం కోసమేనని. పాపం అతను గబగబా టీవీ వెలుగు తగ్గించాడు. దానివల్ల ఎవరికి ఏం లాభమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అవ్వకు కళ్లలో నీటికాసుల జబ్బు. బెల్లంపల్లిలో ఉన్నప్పుడు మొదట పక్కల చూపు పోయింది, తర్వాత ఎదుటి చూపు కూడా పోయింది. అది తెలిసేసరికే ఆలస్యమైందన్నారు. అప్పట్నించీ బాపే, మా నాన్నే, ఆమెకు కళ్లు. బాపు బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. భూమి లోపల ముందు నడిచేవాడు తనకు కనబడింది వెనకవాడికి చెబుతూ పోవాలట. తల వంచు. నీళ్లున్నయ్. పట్టాలున్నయ్, పైలం. సోది అక్కర్లేదు, ఉన్నది చెబితే చాలు. ముందు గొంతు ఆగితే వెనక అడుగు ఆగాలట. అదే పని బాపు ఇంట్లో మొదలుపెట్టాడు. గడప, మెట్టు, పొయ్యి దగ్గరి వేడి గిన్నె, అన్నీ చెప్పేవాడు. సాయంత్రం కాగానే టీవీ చెప్పేవాడు.

"కోడలొచ్చింది. ఎర్రచీర. చేతిల చెంబున్నది. అత్త మొకం అటు తిప్పింది."

"ఎందుకు తిప్పింది?" అని అవ్వ.

"నాకేమెరుక? తిప్పింది. గంతే."

నాకు తెలిసి బాపు జీవితమంతా 'ఊఁ', 'ఆఁ' తప్ప పెద్దగా మాట్లాడలేదు. డ్యూటీ నుంచి వస్తే స్నానం, తిండి, నిద్ర. అలాంటి మనిషి ముసలితనంలో రోజూ సాయంత్రం పెళ్లాం పక్కన కూర్చుని అంతసేపు మాట్లాడేవాడు. అవ్వ కూడా తక్కువది కాదు. "కమ్మలేం పెట్టింది? జడనా, కొప్పా?" అని గుచ్చిగుచ్చి అడిగేది. బాపు లేచి టీవీ దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి చూసి, వచ్చి చెప్పేవాడు. నేను వెళ్లినప్పుడల్లా ఇది చూసి నవ్వుకునేదాన్ని.

ఆ టీవీ పాత డబ్బా. దాని స్పీకరు చినిగిపోయి ఆడ గొంతూ మగ గొంతూ ఒకటే తీరుగా బర్‌ర్ మనేవి. పైన ఫ్యాను కటకట వేరే. వేరే స్పీకరు కొనిస్తానని నేనే ఒకసారి అన్నాను. బాపు చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఎందుకే పైసలు దండుగ? నేనున్న కద చెప్పెటందుకు." పిసినారితనమనుకుని ఊరుకున్నాను.

పోయిన వానాకాలం బాపు పోయాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్మేనని మంచిర్యాల డాక్టరు ఎప్పుడో చెప్పాడట. బాపు మాకెవరికీ చెప్పలేదు. పింఛను పనుందని అవ్వతో చెప్పి, బస్సెక్కి వెళ్లి, చూపించుకుని వచ్చేవాడు. చివరి వారంలో గాని మాకు తెలియలేదు.

ఆ రోజు అవ్వను బాపు తల దగ్గర కూర్చోబెట్టారు. ఇంటి నిండా ఏడుపులు, వాకిట్లో డప్పులు. అవ్వ అటూ ఇటూ మొహం తిప్పుతూ "ఇప్పుడేం జేస్తున్నరు? ఎవలొచ్చిండ్రు? ఏం గట్టిండ్రు?" అని అడుగుతూనే ఉంది. ఎవరి ఏడుపులో వాళ్లున్నారు. ఆమెకు చెప్పే మనిషే అక్కడ పడుకుని ఉన్నాడు. అవ్వ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. చుట్టాలు ఆమెను ఏడిపించాలని ఎన్నో విధాల చూశారు. మా మేనత్త మంథని నుంచి వచ్చి, అవ్వను పట్టుకుని ఊపేసి, "ఏడ్వు వదినే, ఏడ్వకుంటె గుండె పల్గుతది" అని మొత్తుకుంది. అవ్వ ఆమె చేయి తడిమి, "తిన్నవా?" అని అడిగింది. కొందరు చెవులు కొరుక్కున్నారు. వాళ్ల మీద నాకు కోపమొచ్చింది గాని, లోపల నాకూ భయమేసింది.

అవ్వను కరీంనగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాక ఆ భయం ఎక్కువైంది. అవ్వ తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. తనంతట తను ఏదీ అడగదు. బాపు పేరెత్తితే మాట మారుస్తుంది. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మిషన్ పక్కనే టీవీ. ఆమెను దాని ముందు కూర్చోబెట్టి సీరియల్ పెడితే కాసేపు విని, "జర బందువెట్టు బిడ్డా, ఏం సమజైతలేదు" అనేది. నేను చెబుదామంటే సూది మీద నుంచి కన్ను తిప్పితే కుట్టు వంకర పోతుంది. మా టీవీ గోడకు తగిలించింది, పలుచటిది. అలాంటివాటికి స్పీకర్లు వెనక్కీ కిందికీ ఉంటాయి. మాట ముందు గోడకు చెబుతాయి, మిగిలితే మనకు. మంచి సౌండు ఉంటే అవ్వ మళ్లీ టీవీ వింటుంది, వింటే మనిషి తేరుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే దసరా బ్లౌజుల డబ్బులు చేతికి రాగానే ఆమెను తీసుకుని షాపుకు వెళ్లాను.

మా ఆయన గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. రోజంతా రాయి కోసే మోత విని వచ్చే మనిషి, ఇంట్లో కూడా మోతే కావాలంటాడు. ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ తెమ్మని పోరు. మాకున్నవి రెండు గదులు. ఒక స్పీకరు ఫ్రిజ్ మీద, ఒకటి బియ్యం డ్రమ్ము మీద పెడితే మిగతా మూడూ ఎవరి నెత్తిన పెట్టాలి? పైన ఇంటి ఓనరు, కింద మేము. వూఫరు ఒక్కసారి దడదడమంటే మర్నాడే ఇల్లు ఖాళీ చేయమంటాడు. అలాగని చేతిలో పట్టే చిన్న బ్లూటూత్ డబ్బా కొందామంటే, పక్కింటివాళ్లది తెచ్చి పెట్టి చూశాం. అందులో మాట పెదాల కంటే ఒక క్షణం వెనక వచ్చింది. మా ఆయన ఐదు నిమిషాల్లో దాన్ని కట్టేశాడు. "నాకైతే మంచిగనే ఉన్నది అల్లుడా" అని అవ్వ అంటే, చాలా రోజుల తర్వాత ముగ్గురం నవ్వాం.

షాపులో అతను చివరికి వార్తలు పెట్టాడు. అవ్వ ఒక్కో స్పీకరు దగ్గర తల వాల్చి విన్నది. పెద్దవి వద్దంది, వాటిలో మాట బాయిలో నుంచి వచ్చినట్టుందంది. ఒక మూల ధర తక్కువ సౌండ్‌బార్ ఉంది. జానెడు ఎత్తు కూడా లేదు, వూఫరు లేదు. రిమోట్‌లో మాటల కోసం విడిగా ఒక బటన్ ఉంది. అది నొక్కగానే వెనక సంగీతం తగ్గి, చదివేవాళ్ల గొంతు ముందుకొచ్చింది.

"గిది" అంది అవ్వ. "గీమె నోట్ల పండ్లు సుత ఇనవడుతున్నయి."

బెల్లంపల్లి డబ్బా టీవీ మార్చుకుంటారా అని అడిగితే షాపతను నవ్వేశాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. బిల్లు కట్టి, సౌండ్‌బార్ ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాం.

నిజంగానే దానితో ఇంట్లో పెద్ద మార్పు వచ్చింది. అవ్వ రోజూ టీవీ పెట్టమనేది. ఎవరు ఎటు పక్క నుంచి మాట్లాడుతున్నారో చెప్పేది. నేను మిషన్ తొక్కుతుంటే తనే నాకు కథ చెప్పేది. డబ్బులు మురిగిపోలేదని నేను సంబరపడ్డాను. ఒక మధ్యాహ్నం పాత సీరియల్ ఒకటి మళ్లీ మొదలైంది. పాట వినగానే అవ్వ నిటారుగా కూర్చుంది.

"గిది మీ బాపు చెప్పిన సీరియలే!"

ఒక పెద్ద మేడ, అందులో ఒక పెద్దాయన, పెద్దామె, ఇంటినిండా కొడుకులూ కోడళ్లూ. అవ్వకు అంతా కంఠతా వచ్చు. ముందు ఏం జరగబోతోందో నాకు చెప్పేసేది. "జాగల కోసం పంచాయితి అయితది సూడు. దాంతోని పెద్దాయనకు పాణం బాగుండదు. మంథనిల చెల్లె ఇంటికి పోతడు. సీరియల్ అయిపోయేదాంక ఆడనే ఉంటడు."

కోస్తా మాట మాట్లాడే ఆ మేడ పెద్దాయనకు మంథనిలో చెల్లెలేమిటని నవ్వొచ్చింది. మంథనిలో చెల్లెలున్నది మా బాపుకు. సరేలే, వయసు మీద పడి కలగాపులగమైందనుకున్నాను.

కొన్ని రోజులకు ఆ భాగం వచ్చింది. నేను ఒక బ్లౌజుకు చేతులు ఎక్కిస్తున్నాను. సౌండ్‌బార్ లోంచి ఏడుపులు వచ్చాయి. పెద్ద కొడుకు గొంతు మా గదిలో నిలబడి మాట్లాడినంత స్పష్టంగా, "అమ్మా, నాన్నగారు మనల్ని వదిలి వెళ్లిపోయారమ్మా" అంది.

"ఎవలు పోయిండ్రు?" అంది అవ్వ.

నేను మిషన్ ఆపాను. "పెద్దాయన అవ్వా."

"మంథనికా?"

"కాదు. సచ్చిపోయిండు."

అవ్వ టీవీ వైపు చెవి పెట్టింది. టీవీలో ఏడుస్తూనే ఉన్నారు.

"అప్పుడు సుత గీ ఏడ్పులు ఇనవడ్డయి బిడ్డా. ఎందుకేడుస్తున్నరని అడిగిన. బిడ్డను అత్తగారింటికి తోలుతున్నరు అన్నడు. మరి పెద్దాయన మాటినవడ్తలేదేందంటె, మంథనికి పోయిండు, పాణం బాగైతె మల్లొస్తడు అన్నడు." కొంచెం నవ్వింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పెటోడు గద. గింత అబద్ధమాడిండు."

ఆ నవ్వు అలాగే ఉండగా ఆమె మొహంలో ఏదో మారింది. వేళ్లతో చీర కొంగు అంచు తడుముకుంటూ ఏదో లెక్క చూసుకుంటోంది.

"గప్పుడే గద... పింఛన్ పనని మంచిర్యాల తిరిగింది?"

అవునన్నట్టు తల ఊపాను. ఆమెకు కనబడదని గుర్తొచ్చి, "అవు అవ్వా" అన్నాను. టీవీలోని ఆడమనిషికి మొగుడు పోయాడన్న మాట కూడా నా తల్లి చెవిన పడకుండా అడ్డం కూర్చున్నాడు మా బాపు. తను పోతానని తెలిసిన మనిషి. ఎన్ని రోజులు అలా చెప్పుకుంటూ వచ్చాడో, చెప్పేటప్పుడు ఎటు చూసేవాడో. ఆయన మీద ప్రేమా కోపమూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

ఏడుపుల సీను అయిపోయింది. మాటలు లేవు, వట్టి వీణ మాత్రం వస్తోంది. అవ్వ చేయి చాపి నా మోకాలు పట్టుకుంది.

"ఇప్పుడేం కనవడుతుంది బిడ్డా?"

"పెద్దామె అరుగు మీద కూసున్నది."

"పక్కన?"

"కుర్చీ ఉన్నది."

"కుర్చీల?"

బాపు అయితే ఏమనేవాడో నాకు తెలుసు. మంథని బస్సు దిగాడనేవాడు, వాకిట్లోకి వస్తున్నాడనేవాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అవ్వ చూపులేని కళ్లు నా మీదే పెట్టి, ఊపిరి బిగబట్టి ఉంది. నాకు అబద్ధం రాలేదు.

"ఎవ్వలు లేరవ్వా. ఖాళీగున్నది."

అవ్వ ఏడ్చింది. బాపు పోయిన ఇన్ని నెలలకు, ఇల్లంతా వినబడేలా, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. నేను మిషన్ దగ్గర నుంచి లేచి పక్కన కూర్చుని పట్టుకున్నాను. నా భుజం మీద తల కొట్టుకుంటూ ఒకే మాట అంటూ పోయింది.

"మల్లొస్తడన్నడు బిడ్డా. పాణం బాగైతె మల్లొస్తడన్నడు."