మాట మధ్యలో దూరని గడి

ఐలెర్ట్ ఎవరి మాటకీ అడ్డు రాడు. అది మర్యాద అయితే ఎవరూ పట్టించుకోరు, ఆయనకది జబ్బు. ఎదుటివాళ్ళు ఆపాక కూడా కాసేపు ఆగి, "అయిపోయిందా?" అని అడిగి, అవునంటేనే నోరు విప్పుతాడు.

ఒకసారి మతప్రచారానికి ఇద్దరు ఆయన ఇంటికొచ్చారు. మధ్యాహ్నమంతా చెప్పి చెప్పి, చెప్పడానికింకేమీ మిగలక, వాళ్ళే ఓ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఇక ఆయన భార్య వ్యూబ్కె అయితే తన పెళ్ళి సంగతి ఎత్తితే ఇప్పటికీ తల బాదుకుంటుంది.

"పెళ్ళి చేసుకుందామా అని నేనే అడిగాను. అడిగి ఊపిరి తీసుకున్నాను. ఇంకా ఏదో చెప్తాననుకుని ఈ మహానుభావుడు చీకటి పడేదాకా నా మొహం చూస్తూ కూర్చున్నాడు!"

"అయిపోయిందని నువ్వు చెప్పలేదుగా," అంటాడు ఐలెర్ట్, ఆవిడ ముగించాక.

ఇలాంటి మనిషికి, లేర్ ఊళ్ళోని మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఒక గడి తయారుచేసే పని పడింది. దాణా, విత్తనాలు అమ్మే రైతుల సహకార సంఘం కంప్యూటర్లకి మేం ప్రోగ్రాము రాస్తున్నాం. అందులో, తెర మీద డబ్బు మొత్తం కొట్టే గడి అన్నమాట. వేలకి చుక్క, సెంట్లకి కామా, చివర యూరో గుర్తు. పూటలో తేలాల్సిన పని. ఐలెర్ట్ వారాల తరబడి దాని ముందే కూర్చున్నాడు.

"ఏమయ్యా, గడి కడుతున్నావా, కోట కడుతున్నావా?" అని దెప్పాడు మా యజమాని ఓన్నో.

"అయిపోయిందా?"

"అయిపోయింది. చెప్పు."

"మనిషి అంకెలు కొడుతుంటే గడి మధ్యలో కలగజేసుకోకూడదు. చుక్కలూ కామాలూ ఆ మనిషి గడి దాటి వెళ్ళాక పెట్టుకోవాలి. అప్పటిదాకా నోరు మూసుకోవాలి."

"గడికి నోరేంటయ్యా!"

ఓన్నో ఓపిక చచ్చి, తనే ఓ పూట కూర్చుని చురుకైన గడి ఒకటి చేసేశాడు. అంకె పడడమే ఆలస్యం, అది చుక్కా కామా సర్దేసి, మినుకుమినుకుమనే గీతను ఎటు జరిపినా కుడి చివరికి లాక్కొచ్చి పెడుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సంఘానికి అదే పంపాం.

వారం తిరక్కుండా సంఘం మేనేజరు కబురు పెట్టాడు. కౌంటర్లో పనిచేసే గేషె డెబ్బైరెండు యూరోల దాణాకి ఇరవైయేడు కొడుతోందట, ఇరవైయేడుకి డెబ్బైరెండట. తక్కువ పడిన రైతులెవరూ కిక్కురుమనలేదు. ఎక్కువ పడినవాళ్ళ కేకలకే సంగతి బయటపడింది.

ఓన్నో, ఐలెర్ట్, నేను, ముగ్గురం వెళ్ళాం. ఐలెర్ట్ నేరుగా కౌంటర్ దగ్గరికెళ్ళి, గేషె పోసిన టీ తాగుతూ నిలబడ్డాడు. మా వైపు, తాగేవాళ్ళు కప్పులో చెంచా పెట్టేదాకా టీ పోస్తూనే ఉంటారు. ఆయన చెంచా పెట్టేది ఆవిడ కబుర్లు అయిపోయాకే కాబట్టి చాలా కప్పులే పట్టాయి. చుట్టుపక్కల ఎవరి ఆవు ఈనినా ఆ కౌంటర్ మీదుగానే లోకానికి తెలియాలి. గేషె బతుకంతా అక్కడే గడిచింది.

ఇంతలో పెరట్లోంచి తూకం వేసేవాడు "రెండూ డెబ్బై!" అని కేక పెట్టాడు. మా భాషలో అంకె చెప్పేటప్పుడు ఒకట్లు ముందు, పదులు తరవాత. అంటే డెబ్బైరెండు. గేషె విన్నది విన్నట్టే రెండు కొట్టి, గీతను ఎడమకి జరిపి, ఏడు కొట్టింది. ఏళ్ళ తరబడి ఆవిడ చేతికి అదే అలవాటు. కానీ ఈ గడి గీతను మళ్ళీ కుడివైపుకి లాగేసింది. తెర మీద ఇరవైయేడు పడింది. ఆవిడ చూపు తెర మీద లేదు, రైతు మొహం మీద ఉంది.

ఐలెర్ట్ అది చూశాడు. కబుర్లు ముగిశాక చెంచా పెట్టి మేనేజరు గదిలోకి వచ్చాడు.

"ఆవిడకి వయసైపోయిందండీ," అంటున్నాడు మేనేజరు. "సోమవారం నించి గోడౌన్లో బస్తాలు చూసుకోమని పంపేసి, కౌంటర్లో ఎవరైనా కొత్త..."

"ఆగండి!" అన్నాడు ఐలెర్ట్.

ఓన్నో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. నేను తలుపు వైపు చూశాను, ఇంకెవరైనా వచ్చి అన్నారేమోనని.

"ఆవిడ సరిగ్గానే కొడుతోంది. తప్పు గడిది. గడి మాది, మార్చి పంపుతాను. ఆవిడకి మాత్రం ఇదంతా చెప్పకండి. చేతిని అనుమానిస్తూ కొడితే నిజంగానే తప్పులు పడతాయి." అప్పటికి ఆయన మొహం కందగడ్డ అయింది. "క్షమించండి. మీరేదో అంటున్నారు."

మేనేజరుకి తనేమంటున్నాడో గుర్తు రాలేదు.

ఐలెర్ట్ గడి వెళ్ళింది, తప్పులు ఆగాయి, గేషె కౌంటర్లోనే ఉంది. తరవాత ఓసారి మేమిద్దరం అటు వెళ్తే, ఆవిడ టీ పోస్తూ ఐలెర్ట్‌ని పట్టుకుంది.

"ఏం నాయనా, ఇన్నాళ్ళూ కూర్చుని చేసింది ఇదా? ముందు గడి ఎంత బావుండేది! కొట్టీకొట్టగానే చుక్కలూ కామాలూ టకటకా పడిపోయేవి. నీ గడి ఉలకదు, పలకదు. అచ్చం నీలాగే!"

నాకు ఉండబట్టలేదు. నోరు తెరవబోతే ఐలెర్ట్ నా కాలు తొక్కాడు. ఆవిడ ఆ గడిని తిట్టి, మమ్మల్ని తిట్టి, కంప్యూటర్ల జాతిని మొత్తం తిట్టింది. ఐలెర్ట్ అంతా విన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు చివరికి, చెంచా చేతిలోకి తీసుకుని.

"ఇంకా ఎక్కడ!" అంది గేషె.

ఐలెర్ట్ చెంచా పక్కన పెట్టేసి, కప్పు ముందుకు జరిపాడు.